కంప్యూటరులో మన యక్షరము

ఈ సంవత్సరపు సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. మా విద్యార్థులు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. దానికే కొంచెము విపులముగా బదులు వ్రాయుట మంచిదని తోచినది. నేను తెలుగు ఉపాధ్యాయుడను. శిక్షణ కళాశాలలో నేను అభ్యసించినది భాషాబోధనము. అయినను చిట్టమూరువంటి గ్రామములో కంప్యూటరు గదికి వేఱుగా నొక యుపాధ్యాయుని నియమించుట సాధ్యము గానందున, ఆ గది బాధ్యతయు కొన్ని యేండ్లుగా నా మీదనే యున్నది. అవసరమును బట్టి పుస్తకములు చూచి ప్రోగ్రాములు వ్రాయుటయు కొంత నేర్చితిని. "సార్, కొత్త వెర్షన్ వచ్చిందంట, వేసేదా?" అని తొమ్మిదవ తరగతివారు వారమున కొక్కసారియైన అడుగకుండ ఉండరు. క్రొత్తది యనగానే వారి కన్నులు మెఱయును. నాకు మాత్రము సంతోషమును సంశయమును ఒక్కమాఱే కలుగును. ఆ రెంటికిని తగిన కారణము లున్నవి.

మొదట ఒక మూలవిషయమును గ్రహింపవలెను. కంప్యూటరునకు అక్షరములు తెలియవు. అంకెలు మాత్రమే తెలియును. మనము 'అ' యని కొట్టినప్పుడు అది 3077 అను సంఖ్యను దాచుకొనును. 'క' యన్నచో 3093ను దాచుకొనును. తెరమీద మనకు కనబడు ఆకారమును ఫాంటు అనబడు అక్షరరూపముల పెట్టెనుండి తీసి చూపును. కాబట్టి వ్రాయువాని యంత్రమును, చదువువాని యంత్రమును ఏ అంకె ఏ యక్షరమునకు చెందునో ముందుగా ఒక యొప్పందమునకు రావలెను. ఈ యొప్పందమునకే ప్రమాణమని పేరు.

అచ్చుపుస్తకములకు ఈ చిక్కు లేదు. బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ 1746, 1747 సంవత్సరములలో జర్మనీ దేశమందలి హాలే పట్టణమున తెలుగు పుస్తకములు అచ్చు వేయించెను. అందలి యక్షరముల రూపము నేటి మన కంటికి కొంత వింతగా నుండవచ్చును. అయినను ఓర్పుగలవాడు వానిని చదువగలడు. చదువుటకు ఆ ముద్రాయంత్రము మనయొద్ద నుండ నక్కఱలేదు. కంప్యూటరులో వ్రాసిన వ్రాత అట్టిది గాదు. ఒప్పందము తప్పినచో, అక్షరము చెక్కుచెదరకుండ నున్నను చదువువాడు గ్రుడ్డివాడే యగును.

ప్రమాణము లేనిచో కలుగు నష్టమును మన పెద్దలు బాగుగ నెఱుగుదురు. పూర్వము కుంచము, మానిక, తవ్వ అను కొలతలు తావు తావునకు మాఱుచుండెను. 1956లో తూనికలు కొలతల చట్టము చేసి, దేశమంతటికిని మెట్రిక్ పద్ధతిని ఏర్పఱచిరి. మనకు శ్రీహరికోట దూరము గాదు. రాకెట్టు పైకి లేచునప్పుడు పిల్లలు మైదానములోనికి పరుగెత్తి చూచుదురు. అట్టి పనిలోనే 1999 సెప్టెంబరులో అమెరికావారి యంత్రమొకటి అంగారక గ్రహమును సమీపించి నశించెను. ఒక ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో చెప్పిన బలమును మఱియొక ప్రోగ్రాము న్యూటన్ల లెక్కగా తీసికొనినది. ఎవరి గుణకారమును తప్పలేదు. కొలతను గూర్చిన యొప్పందము మాత్రము నిలువలేదు.

తెలుగు లిపికిని 1990వ దశాబ్దమున ఇట్టి దశయే కలిగినది. భారతీయ లిపులకు ఇస్కీ అను ప్రమాణము అప్పటికే ప్రకటింపబడి యున్నను, అచ్చు దుకాణములలో వాడుక సాఫ్ట్‌వేరులు చాలవఱకు తమ తమ సొంత యేర్పాటులనే పాటించెను. ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన అంకెలమీదనే మన తలకట్టులను, గుడులను, ఒత్తులను కూర్చుండబెట్టిరి. ఆ ఫాంటు ఉన్నంతవఱకు అది తెలుగుగ కనబడును. లేనిచో ఇంగ్లీషు అక్షరములును, వింతగుర్తులును కలగలిసిన గజిబిజిగా కనబడును.

ఇందువలన మా పాఠశాలకు కలిగిన యొక కష్టమును చెప్పెదను. నేనిక్కడికి వచ్చుటకు పూర్వము, 2003లో, అప్పటి విద్యార్థులు సముద్రతీరపు పల్లెలకు పోయి, వలల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు, ఉప్పుమళ్ళలో వాడు పనిముట్ల పేర్లు పెద్దలనడిగి నాలుగువందలకు పైగా పదములను సేకరించిరి. ఏ మాట ఎవరు చెప్పిరో వారి పేర్లును ప్రక్కన వ్రాసిరి. వానిలో అరువది పదములు ఆ యేటి సంచికలో అచ్చయ్యెను. తక్కినవి సీడీ యొకదానిలో నుంచబడెను. చేతివ్రాత నోటుపుస్తకములు తరువాతి వానలలో తడిసి పాడయ్యెను. ఆ సీడీ నాకు అందునప్పటికి, దానిని కొట్టిన సాఫ్ట్‌వేరు క్రొత్త విండోసులో నడువదు. దానిని నడపుటకు యంత్రమునకు తగిలింపవలసిన తాళపుబిళ్ళ ఎక్కడ పోయినదో ఎవరికిని తెలియదు. అమ్మిన సంస్థయు ఆ సరకును మానివేసినది. మరల పల్లెలకు పోయి అడుగుదమన్నచో, పదములు చెప్పిన పెద్దలలో పలువురు అప్పటికే గతించిరి. పిల్లలు పడిన శ్రమయంతయు మా చేతిలోనే యున్నది. కాని చదువుటకు వీలులేదు.

పదవ తరగతి చదువుచుండిన యిద్దఱు విద్యార్థులును నేనును సెలవుదినములలో ఈ పనికి పూనుకొంటిమి. అచ్చైన అరువది పదములే మాకు తాళపుచెవి యయ్యెను. అచ్చులోని పదము నొకప్రక్కను, సీడీలోని గజిబిజి నొకప్రక్కను పెట్టుకొని, ఏ గుర్తు ఏ తలకట్టునకు, ఏ గుర్తు ఏ ఒత్తునకు చెందునో పట్టిక వ్రాసితిమి. పట్టిక మాత్రముతో పని తీఱలేదు. 'స్త్రీ' అను నక్షరమును చూడుడు. ఆ పాత ఫాంటు కంటికి కనబడు క్రమమున ముక్కలను దాచును: ముందు దీర్ఘపు గుడితో కూడిన సకారము, పిదప తకారపు ఒత్తు, పిదప క్రావడి. ఇప్పుడు లోకమంతయు వాడు యూనికోడు అను ప్రమాణము చెవికి వినబడు క్రమమున దాచును: స, పొల్లు, త, పొల్లు, ర, చివరకు దీర్ఘపు గుడి. కావున స్వరచిహ్నమును ఒత్తులన్నిటిని దాటించి చివరకు చేర్చునట్లు ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చినది. సంయుక్తాక్షరములో హల్లులు ముందు పలికి అచ్చు చివర పలుకునని తరగతిలో నేను చెప్పు వ్యాకరణసూత్రమే ఆ ప్రోగ్రామునకు మూలమయ్యెను. వ్యాకరణము దేనికి పనికివచ్చునని అడుగు విద్యార్థులు ఇది గమనింపవలెను.

మూడు నెలలకు పదకొండు పదములు తప్ప తక్కినవన్నియు తేటతెల్లమయ్యెను. ఆ పట్టికను తరగతిలో అందఱకును ఇచ్చినప్పుడు, ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి నిలిచి, "సార్, ఇందులో మా తాత పేరు ఉంది" అనెను. ఆ తాత ఆమె పుట్టకముందే గతించెను. ఆయన చెప్పిన మాటలు తొమ్మిది అందులో నుండెను. ఆ బాలిక వానిని వేఱొక కాగితముమీద వ్రాసికొని యింటికి తీసికొని పోయెను. అక్షరములకు అంకెలను గూర్చిన యొప్పందము ఇంజనీర్లకు సంబంధించిన సంగతి యని అప్పటివఱకు తలచిన మా సహోపాధ్యాయులును ఆ దినమున తమ యభిప్రాయమును మార్చుకొనిరి.

ఈ యూనికోడు మొదటి ప్రతి 1991 అక్టోబరులో వెలువడినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 గడులు కేటాయింపబడినవి. వాని వరుసకు 1988 నాటి ఇస్కీయే ఆధారము. ఇట్టి ప్రమాణ ముండగా 2003లో మా పదములు వేఱొక యేర్పాటున ఏల పడినవని మీరడుగవచ్చును. ప్రమాణము ప్రకటించినంత మాత్రమున చాలదు. సాఫ్ట్‌వేరులు దానిని ఒప్పుకొనవలెను, ఫాంటులు దొరకవలెను, పనివారికి అలవాటు కావలెను. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. పోతన, లోహిత్ మొదలుకొని గిడుగు, గురజాడ, మండలి, ధూర్జటి అను పేర్లు గల ఫాంటులవఱకు వెల లేకుండ లభించినవి. అచ్చు దుకాణములు ఈ మార్గమునకు వచ్చుటకు ఇంకను ఏండ్లు పట్టెను.

యూనికోడులో నాకు మిక్కిలి నచ్చిన నియమ మొకటి కలదు. 1996 నాటి 2.0 ప్రతినుండి, ఒకసారి ఒక యక్షరమునకు ఇచ్చిన అంకెను తీసివేయరాదు, మార్చరాదు. క్రొత్తవి చేర్చవచ్చును, పాతవానిని కదల్పరాదు. కావున ఆ పద్ధతిలో నేడు వ్రాసినది మన మనుమల కాలమునకును అదే యక్షరముగ నిలుచును. అక్షరమును చేర్చుటకును మార్గము తెఱచియే యున్నది. పాత గ్రంథములనుండి సాక్ష్యములు చూపి ఎవరైనను ప్రతిపాదన పంపవచ్చును. ఇట్లే 2008లో 5.1 ప్రతియందు, దంత్యములైన ౘ, ౙలకును, పూర్వపు కరణములు లెక్కలలో వాడిన భిన్నముల గుర్తులకును స్థానము కలిగెను. 2021 సెప్టెంబరున వెలువడిన 14.0 ప్రతిలో నకారపొల్లునకు 3165 అను అంకె లభించెను. మా గ్రంథాలయములోని పాత పుస్తకములలో పదము చివర నిలుచు ఆ చక్కని పొల్లును పిల్లలు గుర్తింపలేక, ఇది ఏమి యక్షరమని అడుగుచుందురు. ఆ విడుదలవార్తను చదివినప్పుడు నాకు కలిగిన సంతోషము క్రొత్త ఫోనులను గూర్చిన యే వార్త వలనను కలుగలేదు. అంకె దొరికినను, ఆకారము ఫాంటులో చేరువఱకు తెరమీద ఖాళీగడియే కనబడునన్న మాటయు చెప్పవలెను. ప్రమాణము విత్తనమువంటిది, ఫాంటు చేయువారు, ప్రోగ్రాము వ్రాయువారు సేద్యము చేసినగాని పంట రాదు.

ఇక క్రొత్త విడుదలల వలన చిక్కులును కలుగును. పాత ఫాంటులలోని తెలుగు వార్తాపత్రికల పుటలను యూనికోడునకు మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరునకు పద్మ అను పొడిగింపు నొకదానిని నిర్మించిరి. అది ఎందఱికో ఉపకరించెను. 2017 నవంబరు 14న వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57లో పూర్వపు పద్ధతిలో నిర్మింపబడిన పొడిగింపు లన్నియు పనిచేయుట మానెను. పద్మయు మొదట ఆ పద్ధతిలో కట్టబడినదే. వేగము కొఱకును, భద్రత కొఱకును ఆ మార్పు చేసితిమని ఫైర్‌ఫాక్స్‌వారు చెప్పిరి. అందు న్యాయము లేకపోలేదు. అయినను ఒక పరికరము మీద ఆధారపడినవాడు దాని యజమాని నిర్ణయమునకు లోబడవలసినదే. పరికరము పోయినను, యూనికోడులోనికి మార్చి దాచుకొనినవారి వ్రాతకు మాత్రము భంగము రాలేదు.

మఱియొకటి లోకమంతయు ఎఱిగిన సంగతి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీవారి ఐఓఎస్ 11.2.5 నడుచు ఫోనులకు ఒక తెలుగు అక్షరము పంపినచో, దానిని చూపబోయిన అప్లికేషను మూతపడుచుండెను. మరల తెఱచినను మరల మూతపడెను. ఆ యక్షరము 'జ్ఞా'. జ్ఞానమను పదములోని మొదటి యక్షరము! "జ్ఞానం మోయలేక ఫోను పడిపోయింది సార్" అని పిల్లలు నవ్విరి. దోషము మన యక్షరమునందు లేదు, యూనికోడునందును లేదు. జకారము, పొల్లు, ఞకారము వచ్చిన పిదప, కంటికి కనబడని విడదీయు గుర్తొకటి వచ్చి, ఆ తరువాత దీర్ఘము వచ్చినప్పుడు, ముక్కలను కూర్చి ఆకారము కట్టు ఆ ఫోనులలోని భాగము తడబడెను. బంగాళీ, దేవనాగరి లిపులలోను ఇట్టి వరుసలు కొన్ని ఆ తడబాటునే కలిగించెను. అంకెలు అందఱికిని తెలిసినవే గనుక, కంపెనీకి సంబంధము లేని ప్రోగ్రామరులును దినముల వ్యవధిలో ఆ వరుసను విప్పి చూపగలిగిరి. ఫిబ్రవరి 19న వెలువడిన 11.2.6తో ఆ దోషము తీఱెను. ఇంత గొప్ప కంపెనీ సయితము మన యక్షరమును బాగుగ పరీక్షింపక విడుదల చేసిన దనినచో, మన భాష తెలిసిన పిల్లలు ఆ విద్యలో ప్రవేశింపవలసిన యావశ్యకత యెంత గలదో తల్లిదండ్రులు యోచింపవలెను.

వెబ్ అనునది కూడ ఇట్టి బహిరంగమైన యొప్పందముల మీదనే నిలిచియున్నది. టిమ్ బెర్నర్స్ లీ 1989లో స్విట్జర్లాండునందలి సెర్న్ సంస్థయందు దానిని ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థవారు దానిని ఎవరైనను వెల చెల్లింపక వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ దినమున వారు సుంకము విధించి యుండినచో, మనవంటి పల్లెటూరి బడికి అందులో చోటు దొరకియుండునా? మేము సేకరించిన తీరపు పదములను విద్యార్థులు ఇప్పుడు సాదా హెచ్‌టీఎంఎల్ పుటగా కట్టిరి. అందు హంగులు లేవు. వేగము తక్కువైన చిన్న ఫోనులో, ఏ కంపెనీ బ్రౌజరులోనైనను అది తెఱచుకొనును. వల మోసికొని వచ్చిన తండ్రి యరుగుమీద కూర్చుండి తన యూరి మాటలను చదువుకొనును. ఎట్లు కట్టిరో తెలిసికొనగోరు బాలుడు ఆ పుటయొక్క మూలమును తెఱచి చూచి నేర్చుకొనవచ్చును. దాచిన దేదియు లేదు.

క్రొత్తవానిని చూచి భయపడి పాతదానినే పట్టుకొని యుండుటయు క్షేమము గాదు. 2017 మే నెలలో వానాక్రై అను చెడు ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటరులను గూడ కొన్నిటిని పట్టుకొనెను. దానికి విరుగుడైన సవరణను మైక్రోసాఫ్టువారు అంతకు రెండు నెలలకు ముందే, మార్చిలో, విడుదల చేసియుండిరి. ఆ సవరణను వేసికొనని యంత్రములే దాని వాత బడెను.

కాబట్టి విద్యార్థులారా, మీ ప్రశ్నకు నా బదులిది. భద్రతకై వచ్చు సవరణలను ఆలస్యము చేయక వేయుదము. తక్కిన క్రొత్త ప్రతులు వచ్చినప్పుడు, ఏమి మార్చిరో తెలుపు పత్రమును మొదట చదువుదము. మన వ్రాతలకు వేఱొక ప్రతి తీసి భద్రపఱతుము. ముందుగా ఒక్క యంత్రముమీద వేసి, 'స్త్రీ', 'జ్ఞానము', 'లక్ష్మి', 'రాష్ట్రము' అను పదములను కొట్టి చూతము. అవి సరిగ కనబడినచో తక్కిన యంత్రములమీద వేయుదము. పరీక్షల వారమున మాత్రము వలదు. సాఫ్ట్‌వేరు ఏదైనను సరే, మన వ్రాత యూనికోడులోనే యుండవలెను. మఱియొక యంత్రములో తెఱచుకొనని రూపమున దేనిని దాచరాదు. పరికరములు వచ్చుచు పోవుచుండును. వానిని మార్చుకొనుటకు మనకు స్వేచ్ఛ యుండవలెనన్నచో, అక్షరము ఎవరి సొంత పెట్టెలోను బందీగా నుండరాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ పదకొండు పదములు నేటికిని తేలలేదు. అవి ఎచ్చట చిక్కుపడెనో ఆ పట్టికను పాఠశాల గోడమీద అంటించినాము. మీ యిండ్లలో వృద్ధులున్నచో, ఆదివారము మధ్యాహ్నమున ఒక్కమాఱు వారిని తీసికొనివచ్చి చూపవలసినదిగా కోరుచున్నాను. కన్ను కనబడనివారికి పిల్లలు చదివి వినిపింతురు. వారు చెప్పిన మాటను మా విద్యార్థులు అక్కడనే కూర్చుండి కొట్టుదురు. చెప్పినవారి పేరును ప్రక్కన వ్రాయుదురు.